ప్రగతి సూచికల ఎంపిక

ఒక లక్ష్యం ఏ మేరకు నెరవేరుతోందో తెలుసుకోవడానికి పదేపదే ఒకే పద్ధతిలో తీసుకునే కొలతను ప్రగతి సూచిక అంటారు. ఏ కొలతను తీసుకోవాలో తేల్చుకోవడం సూచికల ఎంపిక. ప్రజారోగ్యం, విద్య, ప్రణాళిక, వ్యవసాయం, వ్యాపార నిర్వహణ అన్నిటిలోనూ ఈ పని ఉంటుంది. ఆరోగ్యం, చదువు, నీటి భద్రత వంటి లక్ష్యాలు నేరుగా కొలతకు అందవు. అందేవి వాటి ఆనవాళ్లు మాత్రమే: వేసిన టీకాలు, వచ్చిన మార్కులు, బావిలో నీటి మట్టం. ఏ ఆనవాలును లెక్కలోకి తీసుకుంటే సిబ్బంది శ్రమ, డబ్బు, అధికారుల ధ్యాస అటే పోతాయి. అందుచేత సూచిక ఎంపికను కార్యక్రమ రూపకల్పనలో భాగంగానే పరిగణిస్తారు.

నిర్వచనం, పదజాలం

నాలుగు మాటలను విడివిడిగా గుర్తించాలి. లక్ష్యం అంటే కోరుకునే స్థితి. ఉదాహరణకు, కాన్పు వల్ల ఏ తల్లీ చనిపోకూడదు. సూచిక అంటే ఆ స్థితిని చూపే కొలత. ఇక్కడ, లక్ష సజీవ జననాలకు మరణించిన తల్లుల సంఖ్య. పని మొదలైన నాటి కొలత ఆరంభ విలువ. కార్యాలయాల్లో దీన్ని బేస్‌లైన్ అంటారు. గడువులోగా చేరవలసిన విలువ టార్గెట్. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మాతృమరణాలకు ప్రపంచ స్థాయి టార్గెట్ 2030 నాటికి లక్షకు 70 లోపు. భారతదేశపు నమూనా నమోదు వ్యవస్థ 2018–20 అంచనాల్లో ఈ విలువ దేశానికి 97, ఆంధ్రప్రదేశ్‌కు 45, తెలంగాణకు 43, కేరళకు 19.

వాడుకలో టార్గెట్, లక్ష్యం ఒకటైపోతుంటాయి. మండల సమీక్షలో "టార్గెట్ పూర్తయింది" అన్నప్పుడు ఎంచుకున్న అంకె చేరిందని మాత్రమే తెలుస్తుంది. లక్ష్యం సంగతి విడిగా చూసుకోవాలి. సూచికల శాస్త్రంలోని చిక్కులన్నీ దాదాపు ఈ ఎడంలోనే పుడతాయి.

చరిత్ర

బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశపు "నైతిక, భౌతిక ప్రగతి" పేరుతో ఏటా పార్లమెంటుకు ఒక నివేదిక సమర్పించేది. రైలు మార్గాలు, ఎగుమతులు, రెవెన్యూ వసూళ్లు పెరగడాన్ని అందులో ప్రగతిగా చూపేవారు. దాదాభాయ్ నౌరోజీ 1870ల్లో వేరే కొలతను ముందుకు తెచ్చాడు. 1867–68 లెక్కల ఆధారంగా భారతీయుడి సగటు వార్షికాదాయం 20 రూపాయలని అంచనా కట్టి, దాన్ని జైళ్లలో ఖైదీల తిండికీ బట్టకూ అయ్యే ఖర్చు పక్కన పెట్టి చూశాడు. స్వేచ్ఛగా ఉన్న మనిషి ఆదాయం ఖైదీ పోషణకు సరిపడేంత కూడా లేదని తేలింది. ఒకే దేశం, ఒకే కాలం. కొలత మారడంతో తీర్పు తలకిందులైంది. ప్రగతి సూచికల చరిత్రలో ఈ లెక్కకు దక్కవలసినంత చోటు దక్కలేదు.

జాతీయాదాయ గణనకు ఆధునిక రూపం ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్ 1934లో అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలోనే, జాతీయాదాయాన్ని బట్టి ప్రజల సంక్షేమాన్ని నిర్ణయించడం తగదని హెచ్చరించాడు. భారతదేశంలో పి.సి. మహలనోబిస్ చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలై, ఇంటింటి వినియోగాన్ని కొలిచే వీలు కలిగింది. పంచవర్ష ప్రణాళికల్లో మాత్రం పెట్టిన ఖర్చు, కట్టిన నిర్మాణాల సంఖ్యే చాలాకాలం ప్రధాన కొలతలుగా నిలిచాయి. ఖర్చు వల్ల ఏం ఒరిగిందో చెప్పే ఫలితాల బడ్జెట్‌ను కేంద్రం 2005లో ప్రవేశపెట్టింది.

వ్యాపార నిర్వహణలో పీటర్ డ్రకర్ 1954లో లక్ష్యాధారిత నిర్వహణను ప్రతిపాదించాడు. లక్ష్యం నిర్దిష్టంగా, కొలవదగినదిగా, గడువుతో ఉండాలనే "స్మార్ట్" సూత్రాన్ని జార్జ్ డోరాన్ 1981లో ప్రకటించాడు. రాబర్ట్ కాప్లాన్, డేవిడ్ నార్టన్ 1992లో ఆర్థిక ఫలితాలతో పాటు ఖాతాదారులు, అంతర్గత పనితీరు, నేర్చుకోవడం అనే కోణాలను చేర్చి సమతుల పట్టికను రూపొందించారు. ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ తీర్చిదిద్దిన ఓకేఆర్ (లక్ష్యాలు, కీలక ఫలితాలు) పద్ధతిని జాన్ డోయర్ 1999లో గూగుల్‌కు పరిచయం చేశాడు. మరోవైపు డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ కార్మికులకు సంఖ్యల కోటాలు విధించడాన్నే వ్యతిరేకించాడు. లోపం పని వ్యవస్థలో ఉన్నప్పుడు మనిషి మీద అంకె రుద్దితే నాణ్యత దెబ్బతింటుందన్నది అతని వాదన.

రకాలు

సూచికలను పని గొలుసులో వాటి స్థానాన్ని బట్టి వర్గీకరిస్తారు. గ్రామీణ తాగునీటి పథకంలో విడుదలైన నిధులు వనరుల సూచిక. వేసిన పైపులైన్ పొడవు పని సూచిక, బిగించిన కుళాయిలు ఉత్పత్తి సూచిక. రోజూ సరిపడా మంచినీరు అందుతున్న ఇళ్లు ఫలిత సూచిక, నీటి వల్ల వచ్చే జబ్బులు తగ్గడం ప్రభావ సూచిక. గొలుసులో మొదటి కొసన ఉన్నవి తేలిగ్గా, త్వరగా కొలవవచ్చు. రెండో కొస లక్ష్యానికి దగ్గర, కానీ కొలవడం ఆలస్యం, ఖరీదు. పైగా ఇతర కారణాలూ వచ్చి కలుస్తాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ఉత్పత్తి, ఫలితాల మధ్య ఎడాన్ని నిర్వచనంలోనే పూడ్చే ప్రయత్నం చేసింది. మనిషికి రోజుకు 55 లీటర్లు, భారత ప్రమాణాల ప్రకారం నాణ్యత, క్రమం తప్పని సరఫరా ఉన్నప్పుడే దాన్ని పనిచేసే కుళాయిగా లెక్కించాలని నియమం పెట్టింది. నల్లగొండ ఫ్లోరైడ్ ప్రాంతం వంటి చోట్ల నాణ్యత షరతు లేని కుళాయి లెక్కకు విలువ లేదు.

కాలాన్ని బట్టి ముందస్తు సూచికలు, తదనంతర సూచికలు అని మరో విభజన ఉంది. మాతృమరణాల నిష్పత్తి తదనంతర సూచిక. మరణాలు అరుదైన ఘటనలు కావడంతో నమూనా నమోదు వ్యవస్థ మూడేళ్ల లెక్కలను కలిపితే తప్ప నమ్మదగిన అంచనా రాదు. జిల్లా వైద్యాధికారి నెలనెలా చూసుకోవడానికి అది పనికిరాదు. గర్భిణి తొలి మూడు నెలల్లో నమోదు కావడం, రక్తహీనత పరీక్ష, ప్రమాదకర గర్భాల గుర్తింపు వంటి ముందస్తు సూచికలు అందుకు కావాలి.

మూడో రకం కొలత నాణ్యతనే కొలిచే సూచిక. పోలియో నిర్మూలనలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఒక జిల్లాలో పోలియో కేసులు సున్నా అంటే వ్యాధి లేకపోవచ్చు, వెతికేవారు లేకపోనూ వచ్చు. ఈ రెంటినీ వేరు చేయడానికి, పోలియో కాని కారణాల వల్ల పిల్లల కాళ్లు చేతులు హఠాత్తుగా చచ్చుబడిన కేసులను లెక్కిస్తారు. 15 ఏళ్ల లోపు పిల్లల్లో ఏటా లక్షకు కనీసం ఒక్కటైనా ఇలాంటి కేసు నమోదు కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. అవి నమోదు కాని చోట సున్నాను నమ్మరు. భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న వచ్చిన పోలియో రహిత ధ్రువపత్రానికి ఈ నిఘా సూచికలే ఆధారం.

ఎంపిక ప్రమాణాలు

సూచికకు ప్రామాణికత, విశ్వసనీయత, సున్నితత్వం, సేకరణ ఖర్చు అనే నాలుగు గీటురాళ్లను పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఆచరణలో వీటి కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ అంకె మారితే ఎవరు, ఏ నిర్ణయం మార్చుకుంటారు? జవాబు లేని సూచిక రిజిస్టరులో ఒక గడిని నింపుతుందే తప్ప పనికి రాదు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు ఇలాంటి గడులు నింపడానికి వెచ్చించే సమయం వారి అసలు పని నుంచే పోతుంది. సేకరణ ఖర్చులో దీన్ని తప్పక చేర్చాలి.

హారం ఎంపిక కూడా సూచిక ఎంపికంత ముఖ్యం. పదో తరగతి ఉత్తీర్ణతా శాతాన్ని పరీక్షకు హాజరైనవారి మీద లెక్కిస్తారు. తొమ్మిదిలోనే బడి మానేసిన పిల్లలు ఆ శాతంలో ఎక్కడా కనపడరు. ఒకటో తరగతిలో చేరినవారిని హారంగా తీసుకుంటే అదే బడికి వేరే అంకె వస్తుంది. "చదువు" నిర్వచనం మారినా అంతే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి నిర్వహిస్తున్న అసర్ సర్వే బడిలో చేరికను దాటి, ఇంటికి వెళ్లి పిల్లల చేత రెండో తరగతి స్థాయి పేరా చదివిస్తుంది. చేరిక 95 శాతం దాటిన గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో ఆ పేరా చదవగలిగినవారు 2018లో సగం మంది, 2022లో సుమారు 43 శాతం. చేరిక ఒక్కటే సూచికగా ఉన్నంతకాలం ఈ లోటు ఎవరి లెక్కలోకీ రాలేదు.

స్థాయిని కొలవాలా, మెరుగుదలను కొలవాలా అన్నది మరో నిర్ణయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005–06 నుంచి ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నిర్వహించిన ప్రయోగం ఈ విషయంలో ప్రసిద్ధం. పిల్లల సగటు మార్కుల స్థాయిని వదిలి, ఆరంభ పరీక్షతో పోల్చి వచ్చిన పెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చారు. 5 శాతం దాటిన ప్రతి శాతానికి 500 రూపాయల చొప్పున లెక్క. బట్టీతో గట్టెక్కకుండా అవగాహనను పరీక్షించే ప్రశ్నలు చేర్చారు. వెనకబడ్డ పిల్లలను చివరి పరీక్షకు రాకుండా చేస్తే లాభం లేకుండా నిబంధన పెట్టారు. బోనస్‌తో సంబంధం లేని సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రాల్లోనూ పరీక్ష పెట్టారు. వాటిలో మార్కులు పడిపోయి ఉంటే లెక్కలు, తెలుగు కోసం మిగతావి బలిచేశారని తేలేది. రెండేళ్ల తరవాత బోనస్ పాఠశాలల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. మిగతా రెండు విషయాల్లోనూ మెరుగయ్యారు. కొలతకు బహుమతి ముడిపెడితే అది తప్పక చెడిపోతుందన్న సాధారణ అభిప్రాయానికి ఇది మినహాయింపు. రూపకర్తలు మోసానికి ఉన్న దారులను ముందే ఊహించడం ఇందుకు ప్రధాన కారణం.

మశూచి నిర్మూలన: కొలత మారిన సందర్భం

సూచిక మార్పు ఒక కార్యక్రమాన్ని ఎలా మలుపు తిప్పుతుందో చెప్పడానికి దీన్ని మించిన నిదర్శనం అరుదు. తెలుగునాట అమ్మవారు అని పిలిచిన మశూచి మీద భారత ప్రభుత్వం 1962లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. మూడేళ్లలో జనాభాలో 80 శాతానికి టీకా వేయాలన్నది టార్గెట్. వేసిన టీకాల సంఖ్య ఘనంగానే పెరిగింది. అయితే లెక్కకు ఎవరికి వేసినా ఒకటే కాబట్టి, తేలిగ్గా దొరికే బడిపిల్లలకే మళ్లీ మళ్లీ వేశారు. ఎన్నడూ టీకా పడని పసిపిల్లలు, వలస కూలీలు, పేదవాడల వారు మిగిలిపోయారు. వ్యాధి వారిలో బతికింది.

పశ్చిమాఫ్రికాలో అమెరికా వైద్యుడు విలియం ఫేగీ అనుభవం నుంచి వచ్చిన గాలింపు, కట్టడి పద్ధతి 1973 శరదృతువులో ఉత్తరప్రదేశ్, బిహార్ తదితర రాష్ట్రాల్లో పెద్దయెత్తున మొదలైంది. టీకాల సంఖ్య స్థానంలో, కొత్తగా కనుగొన్న వ్యాప్తి కేంద్రాలు ఎన్ని, వాటిలో ఎన్నింటిని కట్టడి చేశారు అన్నవి ప్రధాన సూచికలయ్యాయి. ఆరోగ్య సిబ్బంది మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఊరూరా తిరిగారు. వెతికారో లేదో కూడా కొలిచారు: వేరే బృందం కొన్ని ఊళ్లకు మళ్లీ వెళ్లి, గాలింపువాళ్లు వచ్చారా, కేసు చెబితే బహుమతి ఇస్తారని తెలుసా అని జనాన్ని అడిగేది. ఆ బహుమతి చివరి దశలో 1,000 రూపాయలకు చేరింది.

మొదట అంకెలు భయపెట్టాయి. 1973లో దేశంలో సుమారు 88 వేల కేసులు నమోదు కాగా 1974లో అవి లక్షా 88 వేలు. బిహార్‌లో నిజంగానే ఉధృతి ఉంది, దానికి తోడు ఇంతకాలం దాగిన కేసులు బయటికి వచ్చాయి. పాత పద్ధతికే తిరిగి వెళ్లాలన్న ఒత్తిడి అధికారుల మీద గట్టిగా వచ్చింది. సూచిక మెరుగైన కొద్దీ పరిస్థితి దిగజారినట్టు కనిపించే ఈ దశను తట్టుకోవడం ఏ కార్యక్రమానికైనా కష్టమే. 1975 మేలో చివరి కేసు నమోదైంది. 1980లో ప్రపంచం మశూచి రహితమైందని ప్రకటించారు.

కొలత వక్రించడం

బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చేసిన పరిశీలన గుడ్‌హార్ట్ నియమంగా స్థిరపడింది. ఒక కొలతను టార్గెట్‌గా మార్చగానే అది మంచి కొలతగా ఉండదన్న రూపాన్ని దానికి మానవశాస్త్రజ్ఞురాలు మారిలిన్ స్ట్రాథర్న్ 1997లో ఇచ్చింది. సామాజిక నిర్ణయాలకు సంఖ్యను ఎంత ఎక్కువగా వాడితే అది అంత ఎక్కువగా అవినీతికి లోనవుతుందని అమెరికా మనస్తత్వవేత్త డొనాల్డ్ కాంప్‌బెల్ కూడా అదే కాలంలో రాశాడు.

భారతదేశంలో దీనికి అత్యంత బాధాకరమైన ఉదాహరణ అత్యవసర పరిస్థితి నాటి కుటుంబ నియంత్రణ. 1976–77లో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఉపాధ్యాయులు, రెవెన్యూ సిబ్బంది వంటి వారికి తలా ఇన్ని కేసులని కోటాలు వేశారు. జీతాలు, రుణాలు, రేషన్ కార్డులతో ముడిపెట్టారు. అనేకచోట్ల బలవంతం జరిగింది. లెక్కలో ప్రతి ఆపరేషనూ ఒక విజయం. ఆ మనిషి వయసెంత, పిల్లలెందరు, ఒప్పుకున్నాడా అన్నవాటికి గడి లేదు. పద్ధతుల వారీ టార్గెట్లు 1996 ఏప్రిల్‌లో గానీ అధికారికంగా రద్దు కాలేదు.

ఆస్పత్రి కాన్పులు, సిజేరియన్లు

కొన్నిసార్లు సూచిక సరైనదే అయినా ఒంటరిగా సరిపోదు. ఆస్పత్రి కాన్పుల శాతం దేశంలో 2005–06లో 38.7 కాగా, ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, అంటే 2019–21కి, 88.6కు పెరిగింది. తెలంగాణలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 96.5. మాతృమరణాలు తగ్గిన కాలమూ ఇదే. అదే సర్వేలో సిజేరియన్ల వాటా దేశానికి 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 42.4 శాతం, తెలంగాణకు 60.7 శాతం; ఇది దేశంలోనే అత్యధికం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో ప్రతి పది కాన్పుల్లో ఎనిమిది కోతతోనే జరిగాయి. జనాభా స్థాయిలో 10 శాతం దాటాక సిజేరియన్ల పెరుగుదలకూ మరణాల తగ్గుదలకూ సంబంధం కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది.

కారణాలపై భిన్నాభిప్రాయాలున్నాయి: ఆస్పత్రి రాబడి, నొప్పుల భయం, ముహూర్తం చూసి కాన్పు చేయించుకోవడం, వైద్యులపై కేసుల భయం, మొదటి కాన్పుకు కోత పడితే రెండోదానికీ కోతే అన్న ఆనవాయితీ. ఇక్కడ కూడా మొత్తం శాతం ఒక్కటే కొలిస్తే కొత్త ప్రమాదం ఉంది. దాన్ని తగ్గించాలని టార్గెట్ పెడితే నిజంగా కోత అవసరమైన తల్లి నష్టపోవచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ రాబ్సన్ వర్గీకరణను సూచించింది. కాన్పుకు వచ్చిన ప్రతి స్త్రీనీ తొలిచూలా, లోగడ సిజేరియన్ అయిందా, నెలలు నిండాయా, బిడ్డ ఏ భంగిమలో ఉంది వంటి వివరాలను బట్టి పది వర్గాల్లో ఒకదానిలో చేరుస్తారు. నెలలు నిండి, తల కిందికి ఉన్న ఒకే బిడ్డతో, నొప్పులు వాటంతటవే మొదలైన తొలిచూలు స్త్రీలలో సిజేరియన్లు ఎక్కువగా ఉంటే ఆ ఆస్పత్రి జవాబు చెప్పవలసి ఉంటుంది. వైద్యులు, యాజమాన్యాలు, ప్రభుత్వం కూర్చుని న్యాయంగా మాట్లాడుకోవడానికి వీలిచ్చే కొలత ఇది.

లెక్కకు అందని ఫలితాలు: నెల్లూరు

జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైంది. నవ అక్షరాస్యులు నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, 5 మాటలు చెబుతుండగా రాయాలి వంటి ప్రమాణాలు అది నిర్దేశించింది. 1990–91లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాన్ని ఈ కొలతలతోనే అంచనా వేశారు. రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు వాచకంలోని పాఠాల మీద చర్చిస్తూ తమ ఇళ్లను సారా ఎలా గుల్ల చేస్తోందో మాట్లాడుకున్నారు. జిల్లాలోని దూబగుంట గ్రామ స్త్రీలు సారా దుకాణం మూయించిన వృత్తాంతం తరవాతి వాచకంలో పాఠంగా అచ్చై మిగతా గ్రామాలకు పాకింది. 1992లో సారా వ్యతిరేకత జిల్లావ్యాప్త ఉద్యమమైంది. రాష్ట్ర ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించింది.

ఈ పరిణామం అక్షరాస్యతా కార్యక్రమపు ఏ సూచికలోనూ లేదు. నిమిషానికి ఎన్ని మాటలన్న పరీక్షలో తప్పిన స్త్రీ కూడా సారా వేలాన్ని అడ్డుకున్నవారిలో ఉండవచ్చు. ముందుగా ఊహించని మార్పును పట్టుకోవడానికి సంఖ్యలతో పాటు గ్రామస్థాయి కథనాలు, బృంద చర్చలు, స్వతంత్ర పరిశీలన నమోదు చేయడం మూల్యాంకనంలో భాగం కావడానికి ఇటువంటి అనుభవాలే కారణం (చూ. సారా వ్యతిరేకోద్యమం).

సంయుక్త సూచీలు

అనేక సూచికలను ఒకే అంకెగా కుదించినది సంయుక్త సూచీ. మహబూబ్ ఉల్ హక్ నాయకత్వంలో, అమర్త్యసేన్ సహకారంతో 1990లో వెలువడిన మానవాభివృద్ధి సూచీ ఆయుర్దాయం, చదువు, ఆదాయాలను కలుపుతుంది. 2010 వరకు మూడింటి అంకగణిత సగటు తీసుకున్నారు, తరవాత మూడింటి లబ్ధానికి ఘనమూలమైన గుణసగటుకు మారారు. తేడా చిన్నది కాదు. మూడు విలువలు 0.9, 0.9, 0.3 అయితే అంకగణిత సగటు 0.70, మూడూ 0.7 ఉన్న దేశంతో సమానం. గుణసగటు ప్రకారం మొదటి దేశానికి 0.62 మాత్రమే వస్తుంది. ఒక రంగంలో వెనుకబాటును ఇంకొక రంగపు మిగులుతో కప్పిపుచ్చడం కష్టమవుతుంది. ఏ భాగానికి ఎంత బరువు ఇవ్వాలన్నది మాత్రం విలువల నిర్ణయమే. ఆర్థికవేత్త టి.ఎన్. శ్రీనివాసన్ తదితరులు ఈ కారణంగా సూచీని విమర్శించారు.

భారతదేశంలో నీతి ఆయోగ్ 2018 నుంచి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల సూచీతో రాష్ట్రాలకు ర్యాంకులు ఇస్తోంది. అదే ఏడాది మొదలైన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో 49 సూచికలపై నెలవారీ మెరుగుదలకు డెల్టా ర్యాంకు ఇస్తారు. విశాఖపట్నం, విజయనగరం, కడప, ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం తెలుగు రాష్ట్రాల నుంచి ఇందులో చేరాయి. ర్యాంకుల వల్ల పోటీ పెరుగుతుంది; కొలిచే శాఖ, మార్కులు పొందే శాఖ ఒకటే అయినప్పుడు లెక్కలను స్వతంత్ర సర్వేతో సరిచూడటం తప్పనిసరి.

కొలిచేవారు, వాడేవారు

సూచికను ఎవరు కొలుస్తారు, ఎవరు వాడతారు అన్నది దాని నిజాయితీని ప్రభావితం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహణలో భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు 2000 దశకంలో ఏడు కరువు జిల్లాల్లో ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిచింది. రైతులే ఊళ్లో వర్షమాపకం చూసి వాన నమోదు చేసేవారు, ఎంచుకున్న బోరుబావుల్లో నీటి మట్టం, మోటారు పోసే నీటి పరిమాణం కొలిచి ఊరి గోడ మీద రాసేవారు. రబీకి ముందు సమావేశమై, భూమిలో ఉన్న నీరెంత, వేయాలనుకున్న పంటలకు కావలసినదెంత అని పంట–నీటి బడ్జెట్ వేసుకునేవారు. లోటు తేలితే వరి విస్తీర్ణం తగ్గించుకోవాలా, వేరుశనగకో పప్పుధాన్యాలకో మారాలా అన్నది ఎవరికి వారే తేల్చుకునేవారు. బహుమతి లేదు, పైనుంచి టార్గెట్ లేదు. అంకెను పెంచి రాస్తే నష్టపోయేది రాసిన రైతే. ఆ పద్ధతికి ఉన్న హద్దు కూడా ఇక్కడే ఉంది. లోటు ఎంతో తెలిసినా కొత్త బోరు వేసే పొరుగువాణ్ని ఆపే అధికారం ఆ సమావేశానికి ఉండదు, బోరుబావుల నమోదు, నియంత్రణ 2002 నాటి నీరు, భూమి, చెట్ల (వాల్టా) చట్టం కిందికి వస్తాయి (చూ. వాల్టా చట్టం, భూగర్భజలాలు).